తాళం వేయని ఆట

గడిచిన వారం మనం ఆస్రాను పాత ఊళ్లో, షట్టర్ దించేసిన తండ్రి దుకాణం ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె, స్నేహితులు నిఖిత, జయంత్ కలిసి మద్దిలపాలెంలో ఒక చిన్న ఆఫీసు పెట్టుకుని "సీతాలు పరుగు" అనే ఆట తయారు చేశారు. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్ల కోసం చేసిన ఆట అది. కొనుక్కున్నవాళ్లు నెట్‌లోంచి దించుకుంటారు. ఇంకా విడుదల కాని ఆ ఆట మెమరీ కార్డుల్లోకి ఎక్కి ఊళ్లో చేతులు మారుతోంది. అలాంటి కార్డొకటి ఆస్రా తండ్రి అహ్మద్ దుకాణంలోనే దొరికింది. ఆటను అమ్మిపెట్టే బెంగళూరు కంపెనీ ఫిర్యాదు చేసింది, పోలీసులు దుకాణం మూయించారు.

"నాను సెయ్యలేదు బేటీ" అన్నాడు అహ్మద్. నమ్ముతున్నానని ఆస్రా అనలేకపోయింది.

ఎందుకు అనలేకపోయిందో ఆమెకు తెలుసు. తొంభైల్లో ఆ దుకాణంలో నాలుగు పాత టీవీలు పెట్టి పిల్లల చేత గేములాడించినవాడు అహ్మద్. టీవీ గేములు పోయి సీడీలు వచ్చాక కాపీలు కొట్టి అమ్మినవాడు కూడా. ఆస్రా సొంతంగా ఆట రాయడం మొదలుపెట్టిన రోజున కూతురి తల మీద చెయ్యి పెట్టి, ఇక కాపీల జోలికి వెళ్లనన్నాడు. ఆ మాట ఆయన తప్పాడా లేదా అన్నదే ఇప్పుడు తేలాలి. మధ్యాహ్నం బెంగళూరు కంపెనీ నుంచి అర్జునరావు అనే పెద్దమనిషి ఆఫీసుకు వస్తున్నాడు. ఆయనకు ఆస్రా జవాబు చెప్పుకోలేకపోతే ఆట ఆగిపోతుంది, కేసు ముందుకు నడుస్తుంది.

పొద్దున్నే వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది ఆస్రా. మార్కెట్లో సంపాదించిన కార్డును అందులో గుచ్చింది. అహ్మద్ టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కూర్చో అబ్బా" అంది తండ్రితో.

"ఏటి సేత్తన్నావ్?"

"నువ్వు సెయ్యలేదన్నావు. నాను నిన్న ఏటీ అనలేదు. ఈ ఫైలు ఏటంటదో ఇద్దరం కలిసి సూద్దాం."

ఆయన కూర్చున్నాడు గానీ తెర వైపు చూడలేదు.

ఈ ఆట ఫైలుకు తాళం ఎలా వేస్తారో పాఠకులకు ఇక్కడ రెండు మాటల్లో చెప్పాలి. ప్రతి గేమ్ మిషన్‌కూ పుట్టుకతోనే ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఆట పూర్తయ్యాక దాన్ని ప్యాకింగ్ ప్రోగ్రాములో వేస్తారు. అది ఆట మొత్తాన్నీ అర్థం లేని అక్షరాల ముద్దగా కలిపేస్తుంది. కొన్నవాడి మిషన్ సంఖ్యకు సరిపోయే తాళంచెవి ఉంటేనే ఆ ముద్ద మళ్లీ ఆటగా విడిపోతుంది. వేరే మిషన్‌లో పెడితే తెర నల్లగానే ఉంటుంది. అర్జునరావు కంపెనీ వాదన ఏమిటంటే, పరీక్ష కోసం ఆస్రా దగ్గర ఉంచిన, తాళం వేసిన కాపీని అహ్మద్ తన దుకాణంలో మిషన్ విప్పి, తాళం పగలగొట్టి, కార్డుల్లోకి ఎక్కించాడని.

ఆస్రా కార్డులోని ఫైలును అక్షరాలు కనపడేలా తెరిచింది. ముందు వరసలు చూసింది. కిందికి జరిపింది. ఇంకా కిందికి జరిపింది. పడవల పేర్లు, గాలి వేగాలు, ఆటలో నాయిక సీతాలు గెంతినప్పుడు వినపడే చప్పుళ్ల పేర్లు, అన్నీ చదవగలిగేలా ఉన్నాయి. తాళం లేదు. అది ఆమె ఊహించిందే. ఊహించనిది మరికొంచెం కింద ఉంది.

ఖాళీ గది.

ఆట రాసేటప్పుడు సీతాలు సరిగ్గా గెంతుతోందో లేదో చూసుకోవడానికి ముగ్గురూ కలిసి కట్టుకున్న గది అది. సముద్రం ఉండదు, రెండు పడవలు, తెల్ల గోడ, అంతే. ఆట ఆడేవాళ్లకు అది కనపడకూడదు. అందుకే తాళం వేసే ముందు ప్యాకింగ్ ప్రోగ్రాము ఆ గదిని పీకి పారేస్తుంది. తాళం వేసిన కాపీలో అది ఉండదు. లేనిదాన్ని తాళం పగలగొట్టినవాడు తెచ్చి పెట్టలేడు.

ఆస్రా కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అబ్బా! తాళం ఎవులూ పగలగొట్టలేదు. తాళం ఎయ్యకముందే ఇది బయటికెల్లిపోయింది. నీ దుకాణానికి దీంతో సంబంధం నేదు. ఇది మా ఆఫీసులోంచే పోయింది."

కూతురు సంతోషంగా తెర ఆయన వైపు తిప్పింది గానీ అహ్మద్ ముఖంలో సంతోషం లేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, తల దించుకుని దాని అంచు తుడుస్తూ కూర్చున్నాడు.

"వదిలీ బేటీ" అన్నాడు చివరికి.

"వదిలీడమేటి?"

"దుకాణం పోతే పోనీ. ఆ టీవీలు, ఆ కార్డులు, నాకూ ఇసుగొచ్చీసింది. నువ్వు ఇంకో ఆట రాసుకో."

"అబ్బా, నిన్ను దొంగ అంటన్నారు. మార్కెట్టంతా అంటంది. నిన్న నానూ అనుకున్నాను. నన్ను మాఫ్ సెయ్యి. కానీ వదలమని సెప్పకు. నాను వదల్ను."

ఆస్రా లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది. చున్నీ సర్దుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

*

మద్దిలపాలెం బస్ డిపో ఎదురుగా, మందుల దుకాణం పైన ఉంటుంది వాళ్ల ఆఫీసు. ఆస్రా వెళ్లేసరికి అర్జునరావు వచ్చేసి ఉన్నాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. పక్కన నిఖిత కూర్చుంది. స్టీల్ ప్లాంట్ ఉద్యోగం కోసం గోదావరి వైపు నుంచి వచ్చి ఉక్కునగరంలో స్థిరపడిన కుటుంబం ఆమెది. ఆస్రాకు ఇంజినీరింగ్ కాలేజీ నుంచీ ప్రాణ స్నేహితురాలు. కిటికీ దగ్గర జయంత్ నిలబడి ఉన్నాడు. మల్కాపురం కుర్రాడు, రిఫైనరీలో పనిచేసే తండ్రిని కాదని ఈ ఆటల దారి పట్టినవాడు. ఏ బటన్ నొక్కితే సీతాలు ఏం చేయాలో రాసింది అతనే.

"కూర్చోండి ఆస్రాగారూ" అన్నాడు అర్జునరావు. "మీ మీద నాకు కోపం లేదు. మీ నాన్నగారు చేసిన పనికి..."

"మా నాన్న చెయ్యలేదు సార్."

ఆస్రా కూర్చోలేదు. లాప్‌టాప్ తెరిచి ఆయన వైపు తిప్పింది. పొద్దున తండ్రికి చూపించినదంతా చూపించింది. ఖాళీ గది దగ్గర ఆగి, తాళం వేసిన కాపీని తాళంచెవితో విప్పి పక్కనే తెరిచి, అందులో ఆ గది లేదని చూపించింది. అర్జునరావు కళ్లజోడు సవరించుకుని రెండింటినీ మార్చి మార్చి చూశాడు. అర్థం చేసుకున్నాడు. ఒప్పుకోవడానికి కూడా వెనకాడలేదు.

"అంటే తాళం పడకముందు కాపీ ఇది. అది ఎవరి దగ్గర ఉంటుంది?"

"మా ముగ్గురి దగ్గరే."

కిటికీ దగ్గర నుంచి జయంత్ గట్టిగా ఊపిరి వదిలాడు. "అంటే నీ దగ్గర కూడా ఉన్నట్టే కదా ఆస్రా. మా ఇంట్లో గేమ్ కార్డుల దుకాణం నేదు. నిఖిత వాళ్లింట్లోనూ నేదు. నువ్వు తెలిసో తెలీకో మీ నాన్నకి ఇచ్చీసుంటావు. ఇందులో ఇంకా ఇచారించడానికేటుంది?"

ఆ మాటకు నిఖిత తలెత్తలేదు. ఎప్పుడూ ఆస్రా తరఫున అందరికంటే ముందు నోరు విప్పే మనిషి, గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

"నువ్వన్నది నిజమే అవ్వొచ్చు జయంత్" అంది ఆస్రా. ఆమెకే ఆశ్చర్యంగా, గొంతు స్థిరంగా వచ్చింది. "అందుకే మన ముగ్గురి కాపీలూ ఈ కార్డు కాపీతో కలిపి సూద్దాం. ఇప్పుడే, సార్ ముందే. నాదే అని తేల్తే నాదే."

నాలుగు ఫైళ్లనూ పోల్చే ప్రోగ్రాము నడిచింది. ముగ్గురి కాపీలూ ఒక్కటే. కార్డు కాపీ మాత్రం ఒకచోట తేడాగా ఉంది. పెద్ద తేడా కాదు, బటన్ల భాగంలో కొన్ని అంకెలు మారాయి, అంతే.

"పాడైపోయుంటది" అన్నాడు జయంత్.

"ఆడి సూత్తే తెలుస్తది."

తాళం లేని ఆటలు కూడా ఆడేలా విప్పి మార్చిన మిషన్లు ఊళ్లో చాలామంది దగ్గర ఉన్నాయి; పరీక్ష కోసం అలాంటిది ఒకటి ఆఫీసులోనూ ఉంది. ఆస్రా కార్డు అందులో పెట్టింది. తెర మీద ఫిషింగ్ హార్బర్ కనపడింది. తుఫాను మబ్బులు, వరసగా కట్టిన మర పడవలు, మొదటి పడవ మీద చీర పైకి దోపుకుని సీతాలు. పడవ మీంచి పడవ మీదికి గెంతుతూ లైట్‌హౌస్ చేరుకోవాలి. ఆస్రా అలవాటుగా కుడి బొటనవేలితో గెంతే బటన్ నొక్కింది. సీతాలు గెంతలేదు. నడుచుకుంటూ వెళ్లి నీళ్లలో పడిపోయింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ నీళ్లలోకే. కుడివైపు ఉన్న బటన్లలో ఒక్కటీ పనిచేయడం లేదు. విసుగ్గా ఎడమవైపు మీటను పైకి తోసింది. సీతాలు గాల్లోకి లేచింది. పక్క పడవ మీద దిగింది. ఎడమవైపు పైనున్న బటన్ నొక్కితే పరుగెత్తింది, మీటను కిందికి లాగితే తాడు పట్టుకుంది. ఆట పాడవలేదు. ఎవరో ఎంతో ఓపికగా ప్రతి పనినీ తెచ్చి ఎడమవైపు పెట్టారు.

ఆస్రా ఒక్క ఎడమచేత్తోనే పడవ తర్వాత పడవ దాటించింది. కుడిచేయి ఆమె ఒళ్లో ఊరికే పడి ఉంది. దాన్ని చూసుకుంది. వేళ్లు ఆగిపోయాయి. సీతాలు నీళ్లలో పడింది.

అనీస్.

ఆమె తమ్ముడు. పోర్టులో సరుకు దించే కాంట్రాక్టరు దగ్గర పనికి చేరిన కొత్తలో, తెగిన ఇనప తాడు అతని కుడిచేతిని మణికట్టు దగ్గర తీసుకుపోయింది. అంతకుముందు పాత ఊళ్లో గేముల్లో అతన్ని ఓడించినవాడు లేడు. ఆట మొదటిసారి నడిచిన రోజున ఆస్రా ఆనందం పట్టలేక మిషన్ తీసుకెళ్లి అతని ముందు పెట్టింది. అనీస్ దాన్ని ఎడమచేత్తో తిప్పి చూసి, "శానా బాగుంది ఆపా" అని అక్కకు చెప్పి మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. పని తొందరలో ఆమె అప్పుడు గమనించలేదు. అతను ఆడలేదు. ఆడలేడు. రెండు చేతులూ ఉన్నవాళ్ల కోసమే ఆమె ఆట రాసింది.

"నేనే ఇచ్చాను."

నిఖిత లేచి నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ మాట తడబడలేదు.

"అనీస్ నన్నడిగాడు ఆస్రా. బటన్లు ఒక పక్కకి మార్చుకుంటానని. తాళం పడ్డాక అందులో ఒక్క అక్షరం కూడా మార్చలేం కదా. అందుకే తాళం వేయనిది ఇచ్చాను. ఎక్కడ ఏముందో చూపించాను. మిగతాదంతా తనే చేసుకున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. 'ఆపా బాధపడుద్ది, నా కోసం రాయనేదని' అన్నాడు. మీ నాన్నగారి దుకాణం మూసిన రోజే నేను చెప్పాల్సింది. భయమేసింది. వాడి పేరు బయటికొస్తుందని భయమేసింది."

ఎదుటి డిపోలోంచి బస్సుల హారన్లు వినపడుతున్నాయి. ఆస్రాకు పొద్దున తండ్రి తల దించుకుని గ్లాసు అంచు తుడవడం గుర్తొచ్చింది. ఆయనకు తెలుసు. కొడుకు పేరు రాకూడదనే నింద తన మీదే ఉండనిచ్చాడు. దుకాణం మూతపడ్డ రోజే అనీస్‌ను ఎలమంచిలిలో ఉన్న ఖాలా, అంటే పిన్ని, గులాబ్ బీ ఇంటికి పంపించేశాడు.

"మరింకేటి, తేలిపోయింది కదా" అన్నాడు జయంత్.

అర్జునరావు చేతులు కట్టుకున్నాడు. "ఆస్రాగారూ, మీరు నిజాయితీగా తేల్చారు. నేనూ అంతే సూటిగా చెబుతాను. మీ తమ్ముడు చేశాడని మీరు రాసివ్వండి. మీ నాన్నగారి మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాం. ఆట అనుకున్నట్టే విడుదలవుతుంది. కుర్రాడి పరిస్థితి చూసి పోలీసులు కూడా మెత్తగానే పోతారు."

అన్నీ దక్కుతాయి. తండ్రి, దుకాణం, ఆట. ఒక్క పేరు రాస్తే చాలు.

"రాయను సార్."

"ఆలోచించుకోండి."

"ఆలోచించే చెప్తన్నాను. ఆడు బటన్లు మార్చుకున్నాడు, అది నాకు తెలిసింది. ఊరంతా పంచాడని నాకు తెలీదు. ఆడి నోటితో ఇనకుండా ఆడి పేరు నాను రాయను." మిషన్‌ను ఆయన ముందుకు జరిపింది. "ఇంకోమాట సార్. మా తమ్ముడు మార్చింది తప్పు కాదు. నాను రాయకపోవడం తప్పు. ఈ ఆట బయటికొచ్చినప్పుడు ఒంటి చేత్తో ఆడే ఏర్పాటు అందులో ఉంటది. అది లేకుండా నా సంతకంతో ఈ ఆట రాదు."

అర్జునరావు ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "సాయంత్రం వరకు ఇక్కడే ఉంటాను" అన్నాడు.

నిఖిత ఆమె వెంట మెట్ల దాకా వచ్చింది. "నన్ను తిట్టు ఆస్రా. ఏదో ఒకటి అను."

"తర్వాత తిడతాను" అంది ఆస్రా, ఆమె చెయ్యి ఒకసారి నొక్కి. "ఇప్పుడు నువ్వు ఇక్కడే ఉండు. ఏటి జరిగినా నాకు ఫోన్ సెయ్యి."

*

ఎలమంచిలి బస్సు దిగి, స్టేషన్ వైపు నడిచింది ఆస్రా. గులాబ్ బీ ఇంటి వెనక దండెం మీద బట్టలారేస్తున్నాడు అనీస్. తడి చీరను పళ్లతో ఒక కొస పట్టి, ఎడమచేత్తో ఇంకో కొస లాగుతున్నాడు. అక్కను చూసి చీర వదిలేశాడు.

"ఆపా."

ఆస్రా దగ్గరికి వెళ్లి నేల మీద పడ్డ చీర తీసి, రెండో కొస తాను పట్టుకుంది. ఇద్దరూ కలిసి పిండి దండెం మీద వేశారు.

"ఆడాను రా, నువ్వు మార్చిన ఆట" అంది.

అనీస్ ముఖం ఎర్రబడింది. "ఎక్కడిదాకా ఎల్లావ్?"

"నాలుగో పడవ దగ్గర పడిపోనాను."

"అక్కడ ఆగి గెంతాలి. గాలి తగ్గినాక." అతను నవ్వబోయి ఆగాడు. "నాను లైట్‌హౌస్ దాకా ఎల్లాను ఆపా. అందరికంటే ముందు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. "నన్ను అడగాల్సింది రా."

"నువ్వు ఎంత కష్టపడి రాసావో సూసాను. అందులో ఇది నేదని నీకు ఎలా సెప్పను?"

"ఇంకెప్పుడూ అలాగ దాచకు. ఇప్పుడు నాను అడిగిందానికి నిజం సెప్పు. ఆ కార్డులు ఊళ్లో పంచింది నువ్వేనా?"

"అమ్మీ మీద ఒట్టు. నాను ఒక్కడికే ఇచ్చాను."

"ఎవులికి?"

"జయంత్ అన్నకి. బటన్ల భాగం రాసింది ఆయనే కదా. నాను మార్చింది అసలు ఆటలో పెట్టగలరేమో సూడమన్నాను. నీకు సంతోషం అవుద్దని. బాగుంది రా, సూత్తాను, ఆపాకి సెప్పకు అన్నాడు."

కిటికీ దగ్గర నిలబడి 'మా ఇంట్లో గేమ్ కార్డుల దుకాణం నేదు' అన్న మనిషి ఆస్రా కళ్ల ముందు మెదిలాడు.

"మరి మన దుకాణంలో దొరికిన కార్డు?"

"అదీ ఆయనే తెచ్చాడు. బెంగళూరు నుంచి ఒకాయన వత్తాడు, అడిగితే ఇచ్చీ, ఆఫీసు పని అన్నాడు. మర్నాడే ఆ బెంగళూరాయనొచ్చి అడిగాడు. ఇచ్చీసినాను. అబ్బా ఇంటికి అన్నానికి ఎల్లినాడప్పుడు. పోలీసులొచ్చాక అబ్బా నన్ను ఏటీ సెప్పనివ్వనేదు, బస్సెక్కించీసాడు."

అంటే కార్డు అక్కడ దొరుకుతుందని జయంత్‌కు ముందే తెలుసు. దొరకాలనే పెట్టాడు. ఎందుకు? ఆస్రా ఆ ప్రశ్న పూర్తిగా అనుకోకముందే సంచిలో ఫోన్ మోగింది. నిఖిత.

"ఆస్రా, మీ నాన్నగారు ఆఫీసుకి వచ్చారు." నిఖిత పరుగెత్తి వచ్చినదానిలా రొప్పుతోంది. "తనే చేశానని రాసిస్తానంటున్నారు. జయంత్ కుర్చీ వేసి కూర్చోబెట్టి కాగితం ఇచ్చాడు. నేను వద్దంటుంటే నన్ను బయటికి పంపేసి తలుపేశారు."

"తలుపు కొట్టు. ఫోన్ అబ్బాకి ఇచ్చీ. నాను అనీస్‌ని తీసుకుని వత్తన్నానని సెప్పు."

తలుపు దబదబ బాదుతున్న చప్పుడు వినపడింది. అనీస్ అప్పటికే చెప్పులేసుకున్నాడు. అక్క చేతిలోంచి ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకున్నాడు.

"నా గొంతు ఇంటే ఆగుతాడు ఆపా."

తలుపు తెరుచుకున్న చప్పుడు. నిఖిత ఎవరినో బతిమాలుతోంది. తర్వాత ఫోన్ చేతులు మారింది.

"అబ్బా! నాను అనీస్‌ని. రాయకు! జయంత్ అన్నే ఇదంతా..."

అవతల నుంచి వచ్చిన గొంతు అహ్మద్‌ది కాదు.

"మీ నాన్నగారు సంతకం పెట్టేశారు బాబూ" అన్నాడు అర్జునరావు. ఒక్క క్షణం ఆగి, గొంతు బాగా తగ్గించి అడిగాడు. "నువ్విప్పుడు ఏం పేరు చెప్పావు?"